అన్నయ్య కారుకు పసుపు దీపాలు

యుద్ధం ముగిసిన రెండో చలికాలంలో అన్నయ్య కారుకు ముందువైపు రెండు అదనపు దీపాలు పెట్టించాను. అప్పటికి అన్నయ్య పోయి నాలుగు నెలలు. నేను బడిపంతుల్ని. కారు నడపడం అంతంత మాత్రంగా వచ్చు. అయినా ఆ పని చేయించడానికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి ఇంట్లో అందరికీ చెప్పాను. రెండోది దీపాలు బిగించిన సాయిబు గారికి ఒక్కరికే చెప్పాను.

అందరికీ చెప్పిన కారణం వదిన.

అన్నయ్య డాక్టరు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు పోయే వీధిలో మా ఇల్లు. పొద్దుటిపూట ముందుగదిలో రోగుల్ని చూసేవాడు. మధ్యాహ్నం దాటాక కారు తీసుకుని చోడవరం మీదుగా దేవరాపల్లి దాకా పల్లెలు తిరిగేవాడు. వదినది దేవరాపల్లే. మొదటి కానుపుకు ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వెళ్ళింది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఒక పగలు నొప్పులు పడింది. కబురు అంది అన్నయ్య వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. వదిన బతికింది. రెండోసారి నెల తప్పిందని తెలిసినరోజే అన్నయ్య ఇంట్లో చెప్పేశాడు. ఈసారి పురుడు అనకాపల్లి ఆస్పత్రిలోనే, లేడీ డాక్టరు చేతిమీదనే. జ్వరంలో మాట తడబడుతున్నప్పుడు కూడా నాతో అదే అన్నాడు.

"నొప్పులు వచ్చేదాకా ఆగకు. ముందే తీసుకొచ్చెయ్."

సరే అన్నాను. అతను నన్ను అడిగిన ఆఖరి పని అది.

ఏ పల్లెలో అంటుకుందో తెలియదు ఆ జ్వరం. భాద్రపదంలో పోయాడు. విశాఖపట్నం ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. వదినకు అప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని పెద్దవాళ్ళు ఆమెను వెనకగదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. అంతా అయ్యాక తీశారు. కర్మలు పూర్తికాగానే పుట్టింటివాళ్ళు వచ్చి దేవరాపల్లి తీసుకుపోయారు. ఆమె ఏడవడం లేదని, సాయంత్రమయితే వీధిగుమ్మం దగ్గరికి వచ్చి నిలబడుతోందని ఆమె తల్లి నాకు కబురు చేసింది. 

పుష్యమాసంలో మా వైపు మంచు బాగా పడుతుంది. అవి చెరకు ఆడే రోజులు కూడా. పొలాల్లో బెల్లం పెనాల కింద నుంచి లేచే పొగ మంచులో కలిసి, పైకి పోకుండా రోడ్డు మీదే ఉండిపోతుంది. ఆ మంచులో అన్నయ్య కారు దీపాలతో పోవడం కష్టం.

ఆ దీపాల సంగతి చెప్పాలి. జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాక మా తీరంలో కార్ల దీపాలకు ముసుగులు వెయ్యమన్నారు. అన్నయ్య కారుకు డబ్బారేకుతో ముసుగులు చేసి, దీపాల లోపలి వెండిపూత గిన్నెలకు సగం దాకా నల్లరంగు పూయించారు. రెండేళ్ళకు ఆ నిబంధన సడలింది. ముసుగులు తీశారు. కుడి దీపానికి రంగు వదిలింది. ఎడమదానికి రంగుతో పాటు వెండిపూత కూడా ఊడి వచ్చింది. అప్పటినుంచి కుడిది తెల్లగా, ఎడమది సగం ఆరిన కుంపటిలా ఎర్రగా వెలిగేవి. అన్నయ్య బాగు చేయించలేదు. దూరం నుంచి చూసినవాళ్ళు అది డాక్టరు కారని పోల్చుకోవడానికి అదే వీలుగా ఉండేది.

ఇంట్లో చెప్పని కారణం ఇక్కడే మొదలయింది.

కార్తీకంలో వదినను చూడడానికి మొదటిసారి ఆ కారు తీసుకుని బయల్దేరాను. అన్నయ్యకిచ్చిన పెట్రోలు కూపన్లు కొన్ని మిగిలి ఉన్నాయి. చోడవరం దాటేసరికి పొద్దుపోయింది. దీపాలు వేశాను. ఒక మలుపులో రోడ్డుపక్కన ఒక ఆవిడ పిల్లను చీరచెంగులో చుట్టుకుని చెయ్యెత్తి నిలబడి ఉంది. ఆపాను. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి చూసింది. నా మొహం చూసింది, పక్క సీటు చూసింది, వెనక సీటు చూసింది.

"బాబేడి?" అంది.

"లేరమ్మా. భాద్రపదంలో పోయారు. నేను ఆయన తమ్ముణ్ని."

"ఎరికే. పోయేడని ఇన్నాను."

"మరి?"

"దీపాలొత్తన్నాయి గదా అని వచ్చేను" అంది. 

పిల్ల ఎగశ్వాస తీస్తోంది. ఆ చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. రేపు అనకాపల్లి ఆస్పత్రికి తీసుకురమ్మని చెప్పాను. ఆమె తల ఊపింది గాని కదలలేదు. నేను కదిలాను. 

తరవాతి ప్రయాణాల్లోనూ అంతే. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్ళు. కొందరి చేతుల్లో రోగులు ఉండేవాళ్ళు. కొందరు ఊరికే నిలబడేవాళ్ళు. ఒకసారి గట్టుమీద గొంతుక్కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు, కారు పోయేటప్పుడు లేచి నిలబడ్డారు. పోయాక మళ్ళీ కూర్చున్నారు. ఒక ఊరి మొదట్లో, ఒక ఇంటి ముందు పీట వేసి ఉంది. పీట మీద చెంబుతో నీళ్ళు, పక్కన మడతపెట్టిన తువ్వాలు. డాక్టరు చేతులు కడుక్కోవడానికి పెట్టే పద్ధతి అది. ఆ ఇంటి తలుపు వేసి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. 

వాళ్ళకు తెలియకపోతే చెప్పగలను. తెలిసినవాళ్ళకు ఏం చెప్పాలి? ఆ దీపాలు ఉన్నంతకాలం ఆ రోడ్డు మీద నేను నేనుగా పోలేనని అర్థమయింది. 

పుష్యం మొదట్లో విశాఖపట్నం వెళ్ళి మిలటరీ వేలం సరుకులో రెండు పసుపు అద్దాల దీపాలు కొన్నాను. మంచులో పనికొస్తాయని చెప్పి అమ్మారు. వాటిని గుడ్డసంచిలో వేసుకుని సాయిబు గారి కొట్టుకు తీసుకెళ్ళాను.

రైలుస్టేషను వెనక సందులో ఉండేది ఆ కొట్టు. పెళ్ళిళ్ళకు పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవారు. బళ్ళ లాంతర్లు, సైకిలు దీపాలు బాగుచేసేవారు. కార్ల బ్యాటరీలు, వైర్లు కూడా ఆయనకు వచ్చు. అన్నయ్య కారు దీపాలకు నల్లరంగు పూసింది ఆయనే. మనిషి పెద్దవారు. మాటకు ముందు కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకునేవారు.

దీపాలు రెండూ తిప్పి చూశారు.

"ఏ లారీకి ఊడబీకేరో పాపం. మాస్టారూ, కారు బుల్లిది. ఇవి ఏనుక్కి పెట్టే గంటలు."

"మొయ్యదంటారా?"

"కారు మోత్తాది. బ్యాటరీ మొయ్యొద్దా? నాలుగూ ఒకేపాలి ఎలిగిత్తే మీ బ్యాటరీకి ఫాతిహా సదివీడమే." అని, పోయినవాళ్ళకు చదివే ప్రార్థన మాట ఎవరితో అన్నారో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు. "మాఫ్ చెయ్యండి మాస్టారూ. నోరు."

"పరవాలేదు. అయితే ఎలా?"

"పాతయి ఎలిగితే కొత్తయి ఆరిపోవాల. కొత్తయి ఎలిగితే పాతయి ఆరిపోవాల. అలగ మీట పెడతాను. రెండూ కలవవు."

పని రెండు రోజులు పట్టింది. బడి అయ్యాక వెళ్ళి పక్కన ఉండేవాణ్ని. పాత బండిచక్రం పట్టా ఒకటి తెచ్చి, కాల్చి సాగగొట్టి, కారు వెడల్పుకు కోశారు. దాన్ని బంపరు కిందుగా అడ్డంగా బిగించారు. చేత్తో తిప్పే బర్మాతో బెజ్జాలు చేసి, దీపాల కాళ్ళ కింద సైకిలు ట్యూబు ముక్కలు వేసి, అదరకుండా మరలు బిగించారు. దీపాలు మోకాలి ఎత్తులో ఉన్నాయి. ఇంత కిందనా అని అడిగాను.

"పైనున్న దీపం మంచులో మన మొహానికే తిరిగి కొడతాది. కిందున్నది నేల పట్టుకు పోతాది. లారీవోళ్ళని అడగండి" అన్నారు.

ఇంజను వెనక రేకుకు బెజ్జం చేసి, వైరు ఒరుసుకోకుండా దానికి రబ్బరు అంచు తొడిగి, వైర్లను లోపలికి లాగారు. స్టీరింగు పక్కన ఇత్తడి మీట. పైకి వేస్తే పాత దీపాలు, కిందికి వేస్తే కొత్తవి. 

ఆ పని చేస్తూనే అడిగారు.

"ఎడంది కూడా బాగు సేయించేద్దామా? మద్రాసు పంపితే ఎండిపూత ఏత్తారు."

"వద్దు. ఇవి చాలు."

"మంచు మూడు వారాలుంటాది. మిగతా ఏడాదంతా ఆటితోనే గదా పోవాల?"

"వీటితోనే పోతాను."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని నా వైపు చూశారు. అప్పుడు చెప్పాను. పిల్లతో వచ్చినామె సంగతి, లేచి నిలబడ్డ ముసలివాళ్ళ సంగతి, పీట మీద నీళ్ళ సంగతి. గుర్తుపట్టకూడదనే ఇవి పెట్టించుకుంటున్నానని చెప్పాను.

"అచ్ఛా" అన్నారు. కళ్ళద్దాలు మళ్ళీ దించుకుని, "గుర్తుపట్టర్లెండి. ఇయి సూత్తే మీ అన్నగారే గుర్తుపట్టరు" అన్నారు. నవ్వించాలని అన్నారో లేదో తెలియదు. మేమిద్దరం నవ్వలేదు.

రెండోరోజు సందె చీకట్లో దీపాల చూపు సరిచేశారు. కారును ఎదురుగోడకు పాతిక అడుగుల దూరంలో నిలిపి, సుద్దముక్క నా చేతికిచ్చి, వెలుగు ఎక్కడ పడితే అక్కడ గీత గియ్యమన్నారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన లోపల కూర్చుని మీట పైకి వేశారు. గోడ మీద నా ఎడమ పక్కన ఎర్రటి మరక, కుడి పక్కన తెల్లటి వెలుగు పడ్డాయి. గీతలు గీసి కారు వైపు తిరిగాను.

ఆ దీపాలను ఎదురుగా నిలబడి చూడడం నాకు అదే మొదటిసారి. వెలుగుకు వెనక ఏమీ కనపడలేదు. లోపల ఉన్నది సాయిబు గారని నాకు తెలుసు. ఒక నిమిషం కిందటే ఆయన తలుపు తీసుకుని ఎక్కడం చూశాను. అయినా అక్కడ ఎవరు కూర్చున్నారో కళ్ళతో చెప్పలేకపోయాను. ఆ మలుపులో పిల్లతో నిలబడినామెకు కనపడింది ఇదేనని అనుకున్నాను. "మీట వెయ్యండి" అన్నాను. నా గొంతు పెద్దదయింది. పసుపు వెలుగు నా కాళ్ళ దగ్గర పడింది.

ఒక సోమవారం వదినను తీసుకురావడానికి వెళ్ళాను. నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలు ఉన్నాయని లెక్క. పసుపు దీపాలతోనే వెళ్ళాను. దారిలో ఎవరూ చెయ్యెత్తలేదు. మలుపు దగ్గర ఇద్దరు మనుషులు కనపడ్డారు గాని, వాళ్ళు కారు వైపు తిరగలేదు. నాకు ఊపిరి ఆడినట్టయింది. 

మర్నాడు పొద్దున్నే బయల్దేరదామన్నాను. వదిన తల్లి ఒప్పుకోలేదు.

"మంగళారం ఆడకూతుర్ని ఇల్లు కదపరు బాబూ. ఒక్కరోజులో ఏటయిపోద్ది? బుధారం ఎల్దురుగాని."

అన్నయ్య అయితే వినేవాడు కాదు. నేను విన్నాను. 

మంగళవారం గడిచిపోయింది. బుధవారం ఇంకా కోళ్ళు కూయకముందే ఎవరో నా మంచం పక్కన నిలబడ్డారు. లేచి చూస్తే వదిన. గోడకు చెయ్యి ఆనించి ఉంది.

"మొదలయ్యాయి. పదండి" అంది.

ఆమె తల్లి కూడా లేచి వచ్చింది. మంచు తెరిపి ఇచ్చేదాకా ఆగుదామని, మంత్రసానిని పిలుద్దామని అంది. వదిన ఆమె వైపు చూడకుండా నాతోనే అంది.

"తెల్లారితే దారిలో అందరికీ ఎదురుపడతాను. వాళ్ళు తిట్టుకుంటారు. ఇప్పుడే పోదాం."

భర్త పోయిన మనిషి ఎదురైతే పని చెడుతుందని నమ్మే రోజులు. ఆమె ఆ మాట కోపంగా అనలేదు. వాన వస్తుంది, గొడుగు తీసుకోండి అన్నట్టు అంది.

వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. ఆ సీటు ఇద్దరు కూర్చోడానికే ఇరుకు. కాళ్ళు ముడుచుకోవలసి వచ్చింది. నేను మీట కిందికి వేశాను.

సాయిబు గారు చెప్పినట్టే పసుపు వెలుగు మంచు కింద నుంచి నేల పట్టుకు పోయింది. రోడ్డు మీద కంకర, అంచున గడ్డి కనపడ్డాయి. చెట్ల మొదళ్ళు మాత్రం కనపడి, పైన ఏమీ లేకుండా పోతున్నాయి. చోడవరం దాకా బాగానే వచ్చాం. నొప్పి వచ్చినప్పుడల్లా వదిన ముందు సీటు వీపును పట్టుకునేది. ఆ పట్టు నా వెన్నుకు తెలిసేది. చోడవరం దాటాక ఆ పట్టు తొందరతొందరగా రావడం మొదలయింది. ఆమె తల్లి, "బేగి బాబూ, బేగి" అంటోంది.

అప్పుడు ఎదుట ఒక లాంతరు కనపడింది. 

అనకాపల్లి మార్కెట్టుకు పోతున్న బెల్లపు బళ్ళు అవి. పాతికో ముప్పయ్యో ఉండొచ్చు. మంచులో చివరి రెండే కనపడుతున్నాయి. ఆ బళ్ళకు ఒక పద్ధతి ఉంది. వరసగా కట్టుకుని వస్తారు. బళ్ళవాళ్ళు బెల్లం దిమ్మల మీద గడ్డి పరుచుకుని నిద్రపోతారు. ఎడ్లు ముందు బండిని పట్టుకుని నడుస్తాయి. ఆఖరి బండివాడు మాత్రం నిద్రపోడు. వెనక్కి మొహం పెట్టి పడుకుని కాపలా కాస్తాడు. ఎందుకంటే చీకట్లో లారీలు పక్కకు వచ్చి, తాళ్ళు కోసి, దిమ్మలు దించుకుపోయేవి. వెనక నుంచి తెలియని బండి ఏదైనా వస్తే ఆఖరివాడు తన బండిని రోడ్డు మధ్యకు నడిపిస్తాడు, పక్కకు ఎవరూ రాకుండా. చప్పుడుకు మెలకువ వచ్చిన ముందువాళ్ళూ అలాగే చేస్తారు. రెండు వైపులా కాలవలు. ఇక ఆ బళ్ళను దాటడం ఎవరి తరం కాదు.

నా దీపాలు చూసి ఆఖరి బండి రోడ్డు మధ్యకు వచ్చింది. హారను కొట్టాను. ఇంకొంచెం మధ్యకు వచ్చింది. మళ్ళీ కొట్టాను. దాని ముందు బండి కూడా మధ్యకు జరిగింది. 

కారు ఆపి దిగి పరుగెత్తాను. బండి ఆగలేదు. దాని వెనకే నడుస్తూ మాట్లాడాను. బండివాడు దుప్పటి ముసుగులోంచి కళ్ళు మాత్రం బయట పెట్టి నన్ను చూస్తున్నాడు. చేతిలో కర్ర ఉంది.

"కాస్త పక్కకు తియ్యండి. లోపల నొప్పులు పడుతున్న మనిషి ఉంది."

"మొన్నొకడు అదే సెప్పేడు. పక్కకి తీసేను. నాలుగు దిమ్మలు ఎత్తుకుపోయేడు."

"నేను అనకాపల్లి డాక్టరు గారి తమ్ముణ్ని. లోపల ఉన్నది ఆయన భార్య. ఆస్పత్రికి తీసుకుపోతున్నాను."

"డాకటరు బాబు దీపాలు మాకెరికే" అన్నాడు. "ఇయి కావు."

"అవి మార్చాను."

"ఏల మార్సేవు?"

అతను అడిగింది నన్ను నమ్మకనే. అయినా అతనిలాంటివాళ్ళు గుర్తుపట్టకూడదనే మార్చానని అతనితోనే ఎలా చెప్పను? వెనక నుంచి వదిన అరుపు వినపడింది. దారి పొడుగునా ఆమె అరవడం అదే మొదలు. బండివాడు తల ఎత్తి మంచులోకి చూశాడు గాని బండి పక్కకు తియ్యలేదు. ఆడమనిషి అరుపు కూడా మోసమే కావచ్చు అతనికి.

తిరిగి కారు దగ్గరికి పరుగెత్తాను. ఎక్కి కూర్చున్నాను. మీట పైకి వేశాను.

రోడ్డు పోయింది. కంకర, గడ్డి, చెట్ల మొదళ్ళు అన్నీ ఒక్కసారిగా పోయి, కుడివైపు తెల్లటి గోడ, ఎడమవైపు ఎర్రటి మసక మిగిలాయి. నాకు ఏమీ కనపడలేదు. కాసేపు ఏమీ జరగలేదు. కారును నెమ్మదిగా ముందుకు పోనిచ్చాను. బళ్ళ ఇరుసుల చప్పుడు వినపడేంత దగ్గరికి వచ్చాం.

అప్పుడు ఆ ఆఖరి బండివాడు గొంతెత్తాడు.

"డాకటరు బాబో... పక్కకో..."

దాని ముందు బండిలోంచి నిద్రగొంతుతో ఇంకొకడు అందుకున్నాడు. "డాకటరు బాబో..." ఇంకొకడు. అది దారి ఇమ్మని ముందువాళ్ళకు అందించే మాట. అన్నయ్య ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఆ మాట అలా వరస పొడుగునా పోయిందో. నేను మాత్రం ఎప్పుడూ వినలేదు. వినడానికి అది మనిషిని పిలుస్తున్నట్టే ఉంది. ఒక్కొక్క గొంతూ ముందుదాని కంటే దూరం నుంచి వచ్చింది. కనపడని మనుషులు, మంచులో, నాకు ముందు ఎక్కడో ఉన్న అన్నయ్యను పిలుస్తున్నారు. 

ఆఖరి బండి ఎడమకు ఒరిగింది. దాని ముందుది ఒరిగింది. కొన్ని బళ్ళలో ఎవరూ లేవలేదు. వాటి ఎడ్లు కూడా పక్కకు జరిగాయి. వాటి మెడగంటల చప్పుడు ఒకదాని తరవాత ఒకటి నా ఎడమ పక్కకు వచ్చింది.

నేను అలవాటుగా హారను మీద చెయ్యి వేశాను.

"కొట్టకండి" అంది వదిన వెనక నుంచి. "ఆయన కొట్టేవారు కాదు."

చెయ్యి తీసేశాను. 

అలా దాటాం. కుడి చక్రాలు కాలవ అంచున ఉన్నాయో లేదో కూడా నాకు తెలియదు. ఎదుట వినపడుతున్న పిలుపుల మధ్య నుంచి పోనిచ్చాను. బళ్ళ మీద లేచి కూర్చున్నవాళ్ళు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వాళ్ళకు అన్నయ్య పోయాడని తెలుసు. ఆ ఏడు ఆ రోడ్డు మీద ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఒక్కరూ కారు లోపలికి చూడలేదు. వెనక వదిన తల్లి అంతదాకా గొణుక్కుంటున్న దండకం ఆపేసింది. వదిన కూడా మూలగడం మానేసింది. నొప్పి ఆగిందనుకున్నాను. కాని ముందు సీటు మీద ఆమె పట్టు అలాగే ఉంది. 

మొదటి బండి దాటాక పిలుపులు ఆగిపోయాయి. మీట కిందికి వేస్తే రోడ్డు కనపడేది. వెయ్యలేదు. ముందు ఇంకా బళ్ళు ఉండొచ్చునని నాకు నేను చెప్పుకున్నాను.

ఆస్పత్రికి చేరేసరికి తూరుపు తెల్లబడింది. గంటలోపే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉందట. లేడీ డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఇంకొక అరగంట ఆలస్యమయితే తను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదని చెప్పింది. తల్లికి భయం లేదంది. నేను వరండా మెట్ల మీద కూర్చున్నాను. బిడ్డ ఏడుపు వినపడుతోంది. ఆ చప్పుడు ఎంతసేపు విన్నానో తెలియదు. 

వదిన మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. బిడ్డకు పాలివ్వడం, పడుకోవడం. మూడోనాటి సాయంత్రం తల్లి నీళ్ళకు వెళ్ళినప్పుడు నన్ను మంచం దగ్గరికి రమ్మంది.

"ఆరోజు పిలిచింది ఎవరు?"

"బెల్లపు బళ్ళవాళ్ళు."

"వాళ్ళకు తెలీదా?"

"తెలుసు. అది దారి ఇమ్మని చెప్పుకునే మాట, వదినా."

ఆమె బిడ్డ తల మీద గుడ్డ సర్దింది. సర్దిన గుడ్డనే మళ్ళీ సర్దింది.

"అంతమంది పిలిచారు" అంది. "ఆయన పలకలేదు."

అలా అని ఏడవడం మొదలుపెట్టింది. నాలుగు నెలలుగా ఏడవని మనిషి. చప్పుడు లేకుండా మొదలుపెట్టి, తరవాత చప్పుడుతో ఏడిచింది. బిడ్డ కూడా లేచి ఏడిచింది. ఆమె తల్లి పరుగున వచ్చి, ఏమన్నావని నన్ను కోప్పడింది. నేను ఏమీ అనలేదని చెప్పాను. 

అది నిజమే. ఆ మంచులో నేను కూడా ఒక్కొక్క పిలుపు తరవాత జవాబు కోసం చెవి పెట్టి నడిపానని ఆమెకు చెప్పలేదు.